బంకు భక్తి

విజయవాడ గవర్నర్‌పేటలో టీ కొట్టు దగ్గర ఒకటే వాదన. "మన బండికి హెచ్‌పీ తప్ప పడదు గురూ!" "ఛ, ఇండియన్ ఆయిల్ కొట్టించి చూడు, మైలేజీ అదిరిపోద్ది!" విశాఖ రిఫైనరీ నుంచి గొట్టంలో విజయవాడ దాకా వచ్చే పెట్రోలు వింటే నవ్వుకునేది. ప్రభుత్వ కంపెనీలు అవసరాన్నిబట్టి ఒకరి సరుకు ఒకరు నింపుకోవడం పాత ఆనవాయితీ. 2020 ఏప్రిల్ నుంచి అందరిదీ బీఎస్-6 ప్రమాణమే. కంపెనీని బట్టి మారేది మహా అయితే పెట్రోల్లో కలిపే చుక్క మందు, బోర్డు రంగు. బంకును బట్టి మారేది కొలత! అందుకే ప్రతి బంకులో ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర పెట్టించారు. అడిగితే కొలిచి చూపాలి. పాపం, అది మాత్రం దుమ్ము కొట్టుకుపోతోంది. భక్తులారా, ఈసారి దాన్ని బయటికి తీయమనండి.