గులాబీ సీసా శాస్త్రం

ఆడవాళ్ల ఒంట్లో ఇంకా సరుకు అమ్మని చోటు ఒకటి మిగిలిపోయిందని మన కంపెనీలకు కాస్త ఆలస్యంగా తట్టింది. ముఖం తెల్లబరచడం అయిపోయింది, చంకలు తెల్లబరచడం అయిపోయింది. 2012లో టీవీలో ఒక ప్రకటన వచ్చింది. మొగుడు పేపర్లోంచి తల ఎత్తడు, పెళ్లాం మొహం వేలాడేసుకుని కూర్చుంటుంది. ఆమె స్నానాల గదిలోకి వెళ్లి, ఫలానా వాష్‌తో ‘అక్కడ’ కూడా తెల్లబడి వస్తుంది. అయ్యగారికి సంసారం గుర్తొస్తుంది. చూసినవాళ్లు దుమ్మెత్తిపోశారు. అమ్మేవాళ్లు బుద్ధి తెచ్చుకున్నారు, అంటే మాట మార్చారు. ఇప్పుడు తెలుపు అనరు, ‘పీహెచ్ బ్యాలెన్స్’ అంటారు. సైన్సు కదా, తిట్టడానికి నోరు రాదు!

సరే, సైన్సే మాట్లాడుకుందాం. పిల్లల్ని కనే వయసులో యోని లోపలి పీహెచ్ మామూలుగా 3.8 నుంచి 4.5 దాకా, అంటే పులుపుగా, ఉంటుంది. ఆ పులుపు ఏ సీసాలోంచీ రాలేదు. ఈస్ట్రోజెన్ పుణ్యాన లోపలి గోడల్లో గ్లైకోజెన్ చేరుతుంది. దాని మీద బతికే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే జర్మన్ డాక్టర్ ఈ బ్యాక్టీరియా గురించి 1892లోనే రాశాడు. అప్పుడూ ఇప్పుడూ అది జీతం అడగలేదు, గులాబీ వాసన అంతకన్నా అడగలేదు.

అసలు తమాషా ఇక్కడుంది. మాటిమాటికీ వచ్చే దురదకూ, పెరుగు విరిగినట్టు అయ్యే తెల్లబట్టకూ చాలాసార్లు కారణం కాండిడా అనే ఫంగస్. ఆ ఫంగస్ పెట్రేగినప్పుడు కూడా పీహెచ్ సాధారణంగా 4.5 లోపే ఉంటుంది! పీహెచ్ పెరిగేది బ్యాక్టీరియల్ వెజినోసిస్ అనే వేరే జబ్బులో. అంటే ఆడవాళ్లకు ఉన్న పులుపునే వాళ్లకు అమ్మి, దాన్ని లెక్కచేయని ఫంగస్‌కు మందు అంటున్నారన్నమాట. పైగా సీసా మీద ‘బయటి వాడకానికి మాత్రమే’ అని సన్న అక్షరాల్లో ఉంటుంది. బయట కడిగితే లోపలి పీహెచ్ ఎలా మారుతుందని అడక్కండి. లోపలికి పోసి కడిగితే మాత్రం ఉన్న మంచి బ్యాక్టీరియా చెదిరిపోతుంది. సువాసన పడక మంట పుడితే? ఇంకో సీసా కొనుక్కోవచ్చు.

దురద సీసాకు లొంగకపోతే మెడికల్ షాపు ఉండనే ఉంది. ‘వేడి చేసింది’ అని గొంతు తగ్గించి అంటే చాలు, నాలుగు మాత్రల కిట్టు చేతిలో పడుతుంది. అందులో ఫంగస్‌కు ఫ్లూకొనజోల్ ఉంటుంది, పక్కనే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. యాంటీబయాటిక్ వాడాక ఫంగస్ రావడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. ఒక చేత్తో కొంపకు నిప్పంటించి, ఇంకో చేత్తో నీళ్ల బిందె అందించడమంటే ఇదే. అమెరికాలో సొంతంగా ఫంగస్ మందు కొనుక్కున్న ఆడవాళ్లను పరీక్షించి చూస్తే, ముగ్గురిలో సుమారు ఒక్కరికే ఉన్నది కాండిడా అని 2002లో ఒక అధ్యయనం తేల్చింది. మన కౌంటరు వెనక కుర్రాడు మాత్రం మొహం చూసి చెప్పేస్తాడు.

ఇక ‘మంచి బ్యాక్టీరియా’ గోలీలు. యాంటీబయాటిక్ వాడుతున్న ఆస్ట్రేలియా స్త్రీలకు లాక్టోబాసిల్లస్ ఇచ్చి చూశారు. ఫంగస్ ఆగలేదని 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. పెరుగన్నం తినండి, ఆకలి తీరుతుంది. పెరుగు అక్కడ రాయమని చెప్పే యూట్యూబ్ వైద్యులకు మాత్రం దూరంగా ఉండండి.

ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెడితే చేయాల్సింది వేరు. స్లైడు మీద ఒక చుక్క, మైక్రోస్కోపు కింద ఒక చూపు. కల్చర్ చేస్తే ఏ రకం కాండిడానో తెలుస్తుంది, ఎందుకంటే గ్లాబ్రటా లాంటివి మామూలు మందుకు అంత తేలిగ్గా లొంగవు. షుగర్ పరీక్ష తప్పనిసరి. షుగరుకు వాడే గ్లిఫ్లోజిన్ మాత్రలు మూత్రంలోకి చక్కెర వదులుతాయి, ఫంగస్‌కు అది విందు. కాండిడా అని తేలాక వారానికో ఫ్లూకొనజోల్ చొప్పున ఆరు నెలలు వాడమనొచ్చు, అదీ గర్భం లేదని చూసుకుని, డాక్టరు కనుసన్నల్లో. ఇవేవీ ప్రకటనకు పనికిరావు. స్లైడు మీద చుక్కకు ఏ సినిమా తార మోడలింగ్ చేస్తుంది?

నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బు ఈ కాండిడా. ఆ ముగ్గురూ శుభ్రత తెలియనివాళ్లే అనుకోవాలి, లేకపోతే వ్యాపారం సాగదు. అమ్ముతున్నది వాష్ కాదు, సిగ్గు. కాబట్టి కంపెనీలకు ఒక విన్నపం. సీసా మీద మూడు ముక్కలు పెద్ద అక్షరాల్లో వేయండి: ‘లోపల శుభ్రం చేసుకునే ఏర్పాటు మీ ఒంట్లోనే ఉంది. బయటికి మామూలు నీళ్లు చాలు. దురద తిరగబెడితే పరీక్ష చేయించుకోండి.’ ఆ తర్వాత ఎన్ని సీసాలు అమ్ముడుపోతాయో లెక్క చెప్పండి.