మధుర మరీచ టీక

మూలం: ఉత్తమ బీజమును సారవంతమగు మృత్తికయందు తగు లోతున నిక్షేపించి, తగు మాత్రము జలము నొసంగిన, తగు కాలమున మధుర మరీచ ఫలము లభించును.

అవతారిక: పది గింజల పొట్లం వెనక చీమ తలకాయంత అక్షరాలతో అచ్చయిన వాక్యమిది. కర్త అజ్ఞాతం. గింజలు కరీబియన్ తీరాల వాసన మిరపవి. వెనిజులాలో అహీ దుల్సే అంటారు, తీపి మిరప అని అర్థం. హబనేరోకి దాయాది, ఘుమఘుమ ఆ వంశానిదే, కారం మాత్రం ఉండీ లేనట్టుంటుంది. డాక్టరు గారు గుంటూరు కారం మానమన్నాక తెప్పించుకున్నాను. “కారం లేనిదానికి మిరపకాయని పేరెందుకండీ?” అని మా ఆవిడ ఆక్షేపణ. సమాధానం టీకలో వస్తుంది.

టీక: ఉత్తమ బీజమును, సారవంతమగు: సుగమం. మృత్తిక: మట్టి. మట్టిని మట్టి అంటే పొట్లం ధర తగ్గుతుందని కాబోలు.

నిక్షేపించి: దాచిపెట్టి. నాటి అనకుండా ఈ మాట వేయడంలో స్వారస్యం ఉంది. నిక్షేపం అంటే పాతిపెట్టిన ధనం. పెట్టినవాడికే దక్కాలని లేదు. నా పది గింజల్లో ఏడు ఇప్పటికీ నిక్షేపంగానే ఉన్నాయి.

మరీచ: ఇక్కడ కాస్త ఆగాలి. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని టీకాకారుడు మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. మెదక్ సీమలో కొల్చారం ఆయనది. మిరపకాయ ఎరగని మహానుభావుడు. ఆయన నాటికి అది సముద్రం దాటి ఇటు రాలేదు. నేను మిరపకాయ తిని పెరిగినవాణ్ణి, అంత నిగ్రహం నాకు లేదు. సంస్కృతంలో మరీచం అంటే మిరియం. మిరప కానే కాదు. అయితే ఈ పొరపాటు పొట్లం వాడిది ఒక్కడిదే అనలేం. 1492లో మిరియాల దేశం వెతుక్కుంటూ బయల్దేరిన కొలంబస్ మరో దేశం చేరి, అక్కడి కాయ కారంగా ఉంది కనక మిరియంతో జతకట్టాడు. స్పానిష్‌లో మిరియం పిమియెంత, మిరప పిమియెంతో. ట్రినిడాడ్‌లో మా పొట్లం చుట్టాన్ని నేటికీ పిమెంటో అనే పిలుస్తారు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు దాన్ని మన తీరానికి తెస్తే మనమూ అదే పని చేశాం: మిరియం చూసి మిరప అన్నాం. తమిళులు మిళగు చూసి మిళగాయ్, కన్నడిగులు మెణసు చూసి మెణసినకాయి అన్నారు. ఇక 1776లో వియన్నా పండితుడు జాక్విన్, స్వయంగా కరీబియన్ దీవులు తిరిగొచ్చినవాడే, ఈ జాతికి ‘చైనెన్స్’ అని నామకరణం చేశాడు. చైనా దానికి పుట్టిల్లు కాదు, మేనమామ ఇల్లూ కాదు. అమెజాన్ ప్రాంతపు బిడ్డ. ఇంతమంది పెద్దలు కలిసి పెట్టిన పేరు కనక, కారం లేకపోయినా మిరపకాయే. మా ఆవిడకు సమాధానం ఇది. ఆమె ఒప్పుకోలేదు.

ఏ పదం దగ్గరున్నాం? ఆ, తగు. మూడుసార్లు వచ్చింది. పునరుక్తి దోషం కాదా అని పూర్వపక్షం. కాదని సిద్ధాంతం. శబ్దం అదే, అర్థం అదే, తాత్పర్యం మాత్రం వేరైతే లాటానుప్రాస. మొదటి తగుకు తాత్పర్యం అర సెంటీమీటరు. రెండోదానికి, పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే. మూడోదానికి, మొలకకే రెండు నుంచి నాలుగు వారాలు. ఈ తాత్పర్యాలు తెలియకే నేను మొదటి రెండు మొలకలకూ పూటకో చెంబు చొప్పున జలము నొసంగాను. నారుకుళ్ళు వచ్చింది. మట్టి అంచున మెడ దారంలా సన్నబడి, పొద్దున నిలబడ్డ మొలక సాయంత్రానికి సాష్టాంగపడింది. మర్నాడు రెండోది. అలంకారశాస్త్రం తెలిసినవాడినే ఇంత మోసం చేసిన వాక్యం, పాపం మామూలు మనిషినేం చేస్తుంది?

లభించును: వ్యాకరణకర్త చిన్నయసూరి లెక్కన ఇది తద్ధర్మార్థకం. భూతం కాదు, వర్తమానం కాదు, భవిష్యత్తు అంతకన్నా కాదు. భవిష్యత్తే అయితే ‘లభింపగలదు’ అనాలి. అంటే కాయ కాయడం దాని స్వభావమని చెప్పాడే గాని కాస్తుందని మాటివ్వలేదు. పొట్లం మొత్తానికి వ్యాకరణం తెలిసి రాసిన మాట ఇదొక్కటే.

తాత్పర్యం: గింజను అర సెంటీమీటరు లోతున, పాతిక ముప్ఫై డిగ్రీల వెచ్చదనంలో పెట్టాలి. నాలుగారు ఆకులొచ్చాక పెద్ద కుండీకి మార్చాలి. అక్కణ్ణుంచి కాయ పండటానికి సుమారు మూడు నెలలు. పక్క కుండీలో గుంటూరు మిరప ఉన్నంత మాత్రాన ఈ కాయకు కారం పట్టదు. ఆ సాంకర్యం దీని గింజలో దాగి, వచ్చే తరంలో బయటపడుతుంది.

ఇంతా చేసి ఇదీ నాలుగు వరుసలే, మూలంకన్నా ఎంతో పొడుగు లేదు. పొట్లాలు అచ్చువేసేవారికి మనవి: ‘తగు’ తీసేసి అంకె వేయండి. చోటు చాలకపోతే ‘ఉత్తమ’ కూడా తీసేయండి.