నన్ను తుక్కుకు వేయకముందు

నేను అంబాసిడర్ కారును. 1998లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో పుట్టాను. అక్కడి కార్ఖానాలో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. నేను మాత్రం నందికొండ హిల్ కాలనీలో ఇంకా తిరుగుతున్నాను, అదే ఏపీ 24 నంబరుతో. నన్ను కొన్న సార్ ఇక్కడి నాగార్జునసాగర్ ప్రాజెక్టులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు మిర్యాలగూడ ఆస్పత్రికి, హాలియా అంగడికి, చుట్టాల పెళ్లిళ్లకే నా అవసరం. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప.

పోయిన ఎండాకాలం కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి, "నాన్నా, దీన్ని తుక్కుకిచ్చి కొత్తది తీసుకుందాం. లీటరుకు ఇరవై ఇస్తది, పర్యావరణానికి కూడా మంచిది" అన్నాడు. సార్ అవుననలేదు, కాదనలేదు. నన్ను హాలియా షెడ్డుకు తీసుకుపోయారు. మేస్త్రీ హెడ్డు విప్పి, వాల్వుల మీది మసి గీకి, సిలిండరు లోపల వేలితో తడిమి గీతలున్నాయేమో చూశాడు. "బోరు మంచిగనే ఉన్నది సార్. రింగులు మార్చి, వాల్వులు గ్రైండింగ్ చేస్తే పొగ తగ్గుతది. ఇంకో పదేండ్లు ఢోకా లేదు" అన్నాడు.

ఆ రాత్రి సార్ కొడుకు ముందు లెక్క వేశారు. లీటరు పెట్రోలు కాలితే రెండు కిలోల మూడు వందల గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నేను లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తాను కాబట్టి ఏడాదికి 200 లీటర్లు తాగుతాను. కొత్త కారుకు 100 చాలు. అంటే ఏడాదికి మిగిలేది 230 కిలోలు. కానీ ఆ కొత్త కారు షోరూముకు రాకముందే దాని ఉక్కుకు, అల్యూమినియానికి, రబ్బరుకు, రంగుకు గాలిలో కలిసేది ఉజ్జాయింపుగా ఐదారు టన్నులు. ఆ బాకీ తీరడానికి ఇరవై ఏండ్లు దాటుతుంది. నన్ను తయారుచేసిన బొగ్గు ఎప్పుడో కాలిపోయింది, నన్ను తుక్కు చేసినంత మాత్రాన అది వెనక్కి రాదు.

పాతదాన్ని బాగుచేసి వాడుకోవాలని ఈ ఊరి మనుషులకు విడమరచి చెప్పనక్కరలేదు. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాల్వలకు నీళ్లొదిలిన సాగర్ రాతికట్టను పాతదైందని ఎవరూ కూలగొట్టలేదు. 26 గేట్లకు రబ్బరు సీళ్లు మారుస్తారు, ఇనుప తాళ్లకు గ్రీజు పెడతారు, మళ్లీ వరదకు సిద్ధం చేస్తారు.

అయితే నా పొగ మంచిదని నేను అనను. నాకు కెటలిటిక్ కన్వర్టర్ లేదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్ల ముందు నా పొగ విషమే. రోజంతా హైదరాబాద్ సిగ్నళ్ల దగ్గర నిలబడే ట్యాక్సీగా నన్ను పెట్టవద్దు. ఏడాదికి నలభై వేల కిలోమీటర్లు తిరిగే బండిని మార్చితే పైన చెప్పిన బాకీ ఏడాదిన్నరలోపే తీరుతుంది. అలాంటి బండ్లను ముందు మార్చాలి. వయసొక్కటే చూసి, 2022లో పదిహేనేండ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. బండి ఎంత తిరుగుతుందో, ఎంత పొగ వదులుతుందో కూడా ఆ లెక్కలోకి రావాలి.

రింగులు మారాయి. కార్బురేటర్ శుభ్రం చేశారు, టైర్లలో గాలి సరిచూశారు. పొగ పరీక్షలో పాసయ్యాను. ఇక నా కాలం తేల్చేది నేలరేకు తుప్పు. వెల్డింగ్ పట్టనంతగా అది తినేసిన రోజు ఆయిలు, బ్యాటరీ వేరుచేసి నన్ను కరిగించడానికి పంపమని సార్ ఇప్పటికే కొడుక్కి చెప్పి ఉంచారు. ఈలోగా వచ్చే సోమవారం మిర్యాలగూడ ఆస్పత్రికి పోవాలి.