టీకా తాత్పర్య సహిత డ్రిల్ ప్రెస్ ప్రకటన

అవతారిక. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ బంగళాల్లో గ్యారేజీలో ఒక మూల ఖాళీ చేసి, దానికి వర్క్‌షాప్ అని నామకరణం చేసి, అర్ధశతాబ్దం నాటి డ్రిల్ ప్రెస్‌ను అందులో ప్రతిష్ఠించి, వచ్చిన అతిథులకు కాఫీకి ముందే దాని వంశచరిత్ర వినిపించే ఆచారమొకటి ఈమధ్య కనబడుతున్నది. కార్ఖానాలవారు పిల్లర్ డ్రిల్ అనీ, బల్లమీద పెట్టేదైతే బెంచ్ డ్రిల్ అనీ, తొందరలో ఉంటే డ్రిల్లింగ్ మిషన్ అనీ పిలిచే ఈ సాధనంలో పోత ఇనుప పీఠం, దానిపై నిలువు స్తంభం, స్తంభాన్ని పట్టుకొని పైకీ కిందికీ జరిగే బల్ల, కొసన మోటారునూ పుల్లీలనూ స్పిండిల్‌నూ మోసే తల ఉంటాయి. పక్కనున్న పిడి తిప్పితే, తిరుగుతున్న బిట్టు నిటారుగా దిగి లోహానికో చెక్కకో రంధ్రం వేస్తుంది. ఇంత తేటగా పనిచేసే వస్తువుకు వ్యాఖ్యానమెందుకని శంకించవచ్చు. వస్తువుకు అక్కరలేదు, దాన్ని అమ్మే ప్రకటనలకు అవసరం వచ్చింది. అటువంటి ప్రకటనలన్నింటినీ వడగట్టగా మిగిలే పాఠాన్ని ఇక్కడ మూలంగా స్వీకరించడమైనది.

మూలం. "వింటేజ్ డ్రిల్ ప్రెస్. ఒరిజినల్ ప్యాటినా. ఫుల్లీ రీస్టోర్డ్. రన్నింగ్ కండిషన్. అభిరుచి గలవారికి మాత్రమే. రేటు ఇన్‌బాక్స్‌లో."

తాత్పర్యం. పాత ఇనుము అమ్మకానికున్నది. చివర రావలసిన తాత్పర్యాన్ని ముందే చెప్పడం, తొందరలో ఉన్న పాఠకులు ఇక్కడే సెలవు తీసుకోవచ్చునన్న దయతో.

టీక. వింటేజ్: అర్థం సుగమం కనుక విడిచిపెట్టడమైనది. చిక్కు వచ్చినచోట "స్పష్టం" అని రాసి దాటిపోవడం, పిల్లవాడికి కూడా తెలిసినచోట నాలుగు కోశాలు విప్పడం వ్యాఖ్యాతల కులవిద్య అని లోకంలో ఒక అపవాదు ఉన్నది. ఈ అపవాదు కొందరికి తగినా, కోలాచల మల్లినాథసూరికి ఎంతమాత్రం తగదు. 14, 15 శతాబ్దాల నాటివాడని పండితులు చెప్పే ఈయన ఊరు మెదక్ జిల్లా కొల్చారమని ప్రసిద్ధి. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘుని శిశుపాలవధకు సర్వంకష, శ్రీహర్షుని నైషధానికి జీవాతువు అని వ్యాఖ్యలకు కావ్యాలకు పెట్టినంత శ్రద్ధగా పేర్లు పెట్టినవాడు. ఆధారం లేనిదేదీ రాయననీ, అవసరం లేనిదేదీ పలకననీ మొదటే ప్రతిజ్ఞ చేసి, శ్లోకంలోని పదాలను అన్వయక్రమంలో నిలబెట్టి, ప్రతి పదానికీ అర్థం చెప్పి, సందేహమున్నచోట కోశాన్నీ, రూపం చిక్కయినచోట పాణినినీ సాక్ష్యానికి పిలిచి, అలంకారం పేరు చెప్పి, అక్కడితో ఆగిపోతాడు. ఆగిపోవడమే అందులో కష్టమైన పని. కుమారుడు కుమారస్వామి కూడా తండ్రి విద్యనే పట్టుకొని, ఓరుగల్లు ప్రభువు పేరిట విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయానికి రత్నాపణమనే వ్యాఖ్య రాశాడు. కాశీలో చదివినా, కాంచీపురంలో చదివినా, సంస్కృత విద్యార్థి కాళిదాసు గుమ్మం దాటేది ఈ మెదక్ వాడి చేయి పట్టుకొనే. భారవి మాటను కొబ్బరికాయతో పోల్చి, పైపెంకు పగలగొట్టి లోపలి రసం అందించడమే తన పని అన్నట్టు ఆయన సూచించిన తీరు తరువాతివారికి ఎంతగా నచ్చిందంటే, కావ్యశైలిని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడుగా చెప్పుకొనేటప్పుడు మూడోదానికి భారవి పేరే ముందుగా గుర్తుకొస్తుంది. నోట వేసుకోగానే కరిగేది మొదటిది, తొక్క తీయవలసినది రెండోది, పగలగొట్టవలసినది మూడోది. ఈ విభాగంతో ముందు పని పడుతుంది.

కావ్యకర్తను మల్లినాథుడు ఆరంభంలో క్లుప్తంగా కీర్తిస్తాడు, ఆపైన పనిలో దిగుతాడు. ఆయన గ్రామానికి ఒక పూట ప్రయాణంలో ఉన్న ఫిల్మ్‌నగర్‌లో వ్యవహారం తద్విరుద్ధం. సినిమా విడుదలకు ముందు జరిగే వేడుకలో పేరుకు ముందు బిరుదు, బిరుదుకు ముందు విశేషణం, విశేషణానికి ముందు చప్పట్లు వచ్చి, సినిమా దేన్ని గురించో చెప్పవలసిన వాక్యం దగ్గరికి వచ్చేసరికి సమయం అయిపోతుంది. ఆ అలవాటే గ్యారేజీలోని యంత్రానికీ సోకింది. లెజెండరీ, హెరిటేజ్, మాస్టర్‌పీస్ అన్నీ దాని పేరుకు ముందు చేరతాయి. అది ఎన్ని మిల్లీమీటర్ల రంధ్రం వేయగలదో మాత్రం ఎవరూ అడగరు.

ఎంత పాతదైతే వింటేజ్ అవుతుందన్నది ఇక విచారించవలసిన సంగతి. జూబ్లీహిల్స్ నిలబడి ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. కాలనీ పెరిగేకొద్దీ ఆ శిలకు జాక్‌హామర్లతో వరుసగా రంధ్రాలు వేసి, మందు కూరి, పేల్చి, ఆ పగుళ్లమీద పునాదులు తీశారు. కనుక ఆ ప్రాంతంలో ఇంటింటికీ మూలపురుషుడు డ్రిల్లింగ్ యంత్రమేనని చెప్పడంలో అతిశయోక్తి తక్కువ. అంత వయసు గల రాతికి డైనమైటు, అరవై ఏళ్ల పోత ఇనుముకు ధూపదీపాలు. మిగిలిన కొండరాళ్లను కాపాడమని దశాబ్దాలుగా మొత్తుకుంటున్నవారికి వింటేజ్ అనే మాట తోచకపోవడం వారి దురదృష్టం కావచ్చు. రంధ్రాన్వేషణ అనే పదంతో ఇక్కడ చమత్కారం చేయడం మరీ సులభం గనుక మానడమైనది.

ఒరిజినల్ ప్యాటినా, ఫుల్లీ రీస్టోర్డ్: ఈ రెండింటినీ కలిపి చదవాలి. ప్యాటినా అంటే దశాబ్దాల చేతిరాపిడీ నూనే గాలీ కలిసి లోహం మీద తెచ్చిన నిగ్గు. రీస్టోర్ చేయడమంటే, ప్రకటనకర్తల వాడుకలో, ఆ నిగ్గును గీకి పారేసి ఆకుపచ్చ రంగు కొట్టడం. పైకి విరోధంగా తోచి, ఆలోచిస్తే పరిహారమయ్యేదాన్ని ఆలంకారికులు విరోధాభాసమన్నారు. ఇక్కడ ఎంత ఆలోచించినా పరిహారం దొరకదు, కనుక ఇది అలంకారం కాజాలదు, శుద్ధ విరోధం. కొత్త రంగు మీద నూనెమసి రుద్ది పాతదనం తెప్పించారని సమర్థించేవారున్నారు. ఆ విద్య ఫిల్మ్‌నగర్‌కు కొత్త కాదు: ప్లైవుడ్‌నూ ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌నూ వెయ్యేళ్ల కోటగోడగా మార్చగల పెయింటర్లూ మోల్డర్లూ కృష్ణానగర్ సందుల్లో అద్దె గదుల్లో ఉన్నారు. వారు దాన్ని సెట్ అని చెప్పి చేస్తారు, రోజుకూలి తీసుకుంటారు. ఆ కూలి 30 శాతం పెంచమని 2025 ఆగస్టులో సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మెకు దిగి షూటింగులు ఆగిపోయినప్పుడు, ఆ పెంపు న్యాయమా అని చాలా చర్చ జరిగింది. పాత డ్రిల్లుకు కొట్టిన రంగు ధర న్యాయమా అని చర్చ జరిగినట్టు దాఖలా లేదు. ఇదంతా వ్యాఖ్యకు బాహ్యమైన విషయం కనుక ఆపి, ఒక్క మాట చేర్చవలసి ఉన్నది: పాత యంత్రాల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి పొడిగా రుద్ది ఆ దుమ్మును ఇంట్లోకి వదలరాదు; తడిపి గీకి, మాస్కు కట్టుకొని, గీకినదాన్ని పోగుచేసి పారవేయాలి.

రన్నింగ్ కండిషన్: మోటారు తిరుగుతుందని మాత్రమే దీనికి అర్థం. మోటారు తిరగడానికీ రంధ్రం గుండ్రంగా పడడానికీ మధ్య ఉన్న దూరమే ఈ శాస్త్రం. స్పిండిల్ కింది కొసన మోర్స్ టేపర్ అనే వాలు గూడు ఉంటుంది. మెలిదిరిగిన డ్రిల్ బిట్టుకు 1863లో పేటెంటు పొందిన అమెరికావాడు స్టీఫెన్ మోర్స్ పేరు దానికి నిలిచింది. పొడవులో సుమారు ఇరవైకి ఒకటి చొప్పున సన్నబడే ఆ గూటిలోకి అదే వాలు గల కాడ దూరితే, మరలూ చీలలూ లేకుండా రాపిడితోనే బిగుసుకుంటుంది. ఆ గూటి లోపలి గోడకు డయల్ గేజ్ సూదిని ఆనించి స్పిండిల్‌ను చేత్తో మెల్లగా తిప్పితే, ఇరుసు ఎంత పక్కకు ఊగుతున్నదో మిల్లీమీటరులో నూరోవంతుదాకా ముల్లు చెబుతుంది. దీనినే రనౌట్ అంటారు. 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇంటిపనికి సంతోషంగా కొనవచ్చు. చెక్కపనికైతే అంతకు రెట్టింపు ఉన్నా సర్దుకోవచ్చు. అంతకు మించితే సన్నబిట్లు విరుగుతాయి, రంధ్రాలు పెద్దవవుతాయి. తరువాత స్పిండిల్‌ను మోసే క్విల్ అనే గొట్టాన్ని పూర్తిగా కిందికి దించి, పక్కకు ఊపి చూడాలి. చక్ అరిగితే మార్చవచ్చు, బేరింగులు పోతే కొత్తవి వేయవచ్చు, బెల్టు చవక. క్విల్ ఇల్లు అరిగిపోతే మాత్రం మంచి టర్నరు చేతికే పని, ఆ టర్నరును వెతకడం మరో పని.

విద్యుత్తు సంగతి ప్రకటనల్లో ఎక్కడా ఉండదు. కార్ఖానాల యంత్రాలకు తరచుగా 415 వోల్టుల త్రీఫేజ్ మోటారు ఉంటుంది. బంగళాకు ఏసీల పుణ్యమా అని త్రీఫేజ్ కనెక్షన్ ఉన్నా, గ్యారేజీ గోడమీద ఉన్నది 230 వోల్టుల సింగిల్ ఫేజ్ ప్లగ్గే. విదేశం నుంచి తెప్పించిన అమెరికన్ యంత్రమైతే, 60 సైకిళ్లకు కట్టిన మోటారు మన 50 సైకిళ్ల కరెంటులో ఆరోవంతు నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది కూడా. ఇక్కడి మోటారు తగిలించుకోవడమే దీనికి శాంతి. వంశశుద్ధి పోతుందని బాధపడేవారు దాన్ని తిప్పకుండా చూసుకుంటూ ఉండవచ్చు, ఎలాగూ తిప్పరు. తిప్పేవారు మాత్రం మెట్లమెట్లుగా ఉన్న పుల్లీమీద బెల్టును మార్చడం నేర్చుకోవాలి: మెత్తని ఉక్కులో 10 మిల్లీమీటర్ల హైస్పీడ్ స్టీలు బిట్టుకు నిమిషానికి 800, 900 చుట్లు చాలు, 3 మిల్లీమీటర్ల బిట్టు 2,500 దాటినా ఓర్చుకుంటుంది.

పాఠశోధన. బల్ల మధ్యలో తయారీదారు పెట్టిన రంధ్రం మూలపాఠం. దాని చుట్టూ చిల్లుల్లా, అర్ధచంద్రాల్లా కనబడే గుంటలు ప్రక్షిప్తాలు. కింద చెక్కముక్క పెట్టకుండా పని మొదలుపెట్టిన అప్రెంటిసులు వేర్వేరు కాలాల్లో చేర్చినవి. వీటిని పూడ్చి, రుద్ది, నున్నగా చేసి అమ్ముతారు. ఉన్నవి ఉన్నట్టే ఉంచడం మేలు, ఎందుకంటే ఆ గుంటలు లేని పాత బల్లను చూసి యంత్రం పనిచేయలేదనైనా, ఎవరో దాచారనైనా ఊహించవలసి వస్తుంది.

పాకవిచారం. పైన ప్రతిపాదించిన మూడు పాకాలు తుప్పుకు చక్కగా అన్వయిస్తాయి. వానాకాలపు తేమకు స్తంభం మీద పేరుకున్న ఎర్రటి పొర ద్రాక్షాపాకం: కిరోసిన్ గుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాస్తే పోతుంది. గట్టిపడిన గ్రీజు, పెచ్చులైన రంగు కదళీపాకం: తలను విప్పి, క్విల్‌ను బయటికి తీసి, కడిగి, పళ్లచక్రం కరిచే చోట కొత్త గ్రీజు పెట్టాలి. స్తంభానికి కరుచుకుపోయిన బల్ల, కదలని క్విల్ నారికేళపాకం. ఇక్కడే ఉత్సాహవంతులు సుత్తి తీస్తారు. పోత ఇనుము పెళుసుది, దెబ్బకు సొట్ట పడదు, చీలుతుంది. తుప్పులోకి ఇంకే నూనె పోసి, రోజుల తరబడి ఊరనిచ్చి, అవసరమైతే మెల్లగా వేడిచేసి, చెక్క అడ్డం పెట్టి తట్టాలి. మల్లినాథుడికి ఉన్న ఓపికలో పదోవంతు ఉన్నా బల్ల కదులుతుంది.

అభిరుచి గలవారికి మాత్రమే: శాస్త్రారంభంలో చెప్పవలసిన అనుబంధ చతుష్టయం, అంటే అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగింటిలో, ఈ ప్రకటన అధికారిని ఒక్కణ్నే పేర్కొని, ప్రయోజనాన్ని ఎక్కడా చెప్పలేదు. ప్రయోజనం రంధ్రం. అధికారి నిర్ణయంలోనూ పొరపాటున్నది. సికింద్రాబాద్ కవాడిగూడలో 1943లో మొదలై, టూల్ అండ్ కట్టర్ గ్రైండర్లకూ సర్ఫేస్ గ్రైండర్లకూ పేరు పొందిన ప్రాగా టూల్స్ వంటి కర్మాగారాల్లో, బాలానగర్ షెడ్లలో, ఫిట్టర్లుగా టర్నర్లుగా చేతులు అరిగినవారు ఈ వాక్యం ప్రకారం అనధికారులు. వారికి యంత్రంతో ఉన్నది అభిరుచి కాదట, ఉద్యోగమట. గేజు లేకుండా వేలితో ముట్టి బేరింగు పోయిందని చెప్పగలవాణ్ని పిలిచి, పని చేయించుకొని, బాటా ఖర్చుల దగ్గర బేరమాడి, తరువాత అతిథుల ముందు ఆ మరమ్మతును బహువచనంలో వర్ణించుకోవడం చూస్తే, ఆ మాటకు ఇంతకంటె సౌమ్యమైన వ్యాఖ్య రాయడం కష్టం.

అధికారికి నిషేధాలు కూడా ఉన్నాయి. గ్లవుజులు తొడుక్కొని తిరుగుతున్న స్పిండిల్ దగ్గరికి చేయి పెట్టరాదు. గుడ్డ చుట్టుకుంటే వేలు కూడా వెంటపోతుంది. వస్తువును చేత్తో పట్టుకోరాదు, వైస్‌లో బిగించాలి. 1902లో పేటెంటు పొందిన జేకబ్స్ రకపు చక్‌కు బిగింపు తాళంచెవి ఉంటుంది. దాన్ని చక్‌లో మరచి మీట నొక్కితే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం. కండువా, జారే ఉత్తరీయం, మెడలో గొలుసు నిషిద్ధాలు. సన్మానసభ నుంచి నేరుగా వర్క్‌షాపుకు వచ్చేవారు శాలువా గుమ్మం బయటే విడిచి రావాలి.

రేటు ఇన్‌బాక్స్‌లో: పాత కార్ఖానా మూతపడినప్పుడు ఇదే యంత్రం తూకం లెక్కన, కిలోకింత అని, తుక్కు వ్యాపారికి పోయింది. అక్కడి నుంచి ఇన్‌బాక్స్‌దాకా దానికి చేరినవి కిరోసిన్, ఎమరీ పేపర్, రంగు డబ్బా, మూడు ఆంగ్ల విశేషణాలు. కొనేవారు తుక్కు ధర కట్టి, దానికి మోటారు, బేరింగులు, బెల్టు, చక్, రవాణా ఖర్చులు కలిపి, తల బరువుకు మొగ్గే యంత్రాన్ని విప్పి ఎక్కించే మనుషుల కూలి కూడా మరవకుండా వేసుకొని, ఆ మొత్తాన్ని అడిగిన ధర పక్కన పెట్టి చూడాలి. మిగిలే తేడా విశేషణాల ఖరీదు. డయల్ గేజ్ పెట్టి చూస్తామంటే అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం అక్కడే వదలడం ఉత్తమం. రాణీగంజ్ దుకాణాల్లో కొత్త బెంచ్ డ్రిల్లు నిలబెట్టి ఉంటుంది, ప్లగ్గు పెట్టి తిప్పి చూపిస్తారు, ధర గల్లాపెట్టె దగ్గరే చెబుతారు.