స్టోద్ పలకాలంటే బిందె ఎత్తండి

ముందు పాఠ్యపుస్తకం మూసెయ్యండి. డేనిష్ పలుకులో వినిపించే గొంతు పట్టు ‘స్టోద్’. దానికి కంఠబిలం మూసుకోవడం అని అర్థం రాసుకుంటే మార్కులు వస్తాయేమో, ఆ ధ్వని మాత్రం రాదు. చాలాసార్లు గొంతు పూర్తిగా మూసుకోదు. కాస్త బిగిసి, నాదం గరగరమంటూ సాగుతుంది.

కోలారు జిల్లా పిల్లలకు నేను చెప్పే దారి వేరు. నిండు బిందెను నడుముకెత్తుతూ ‘హున్’ అనండి. బరువు మీద పడేచోట గొంతు పట్టేస్తుంది చూడండి, ఆ పట్టే కావాలి. బిందె దించి తేలిగ్గా మళ్లీ ‘హున్’ అనండి. దించాక పలికింది డేనిష్‌లో ‘ఆమె’, ఎత్తుతూ పలికింది ‘కుక్క’. రాతలో కుక్కకు చివర ఒక ‘డ’ ఉంటుంది గానీ పలుకులో అది వినపడదు, తేడా అంతా గొంతుదే. నడుము నొప్పి ఉంటే గోడను నెడుతూ అనండి. స్టోద్ అంటే అసలు నెట్టడమే: తోపు, పోటు, కుదుపు.

ఈ మాట పుట్టుక కోసం డెన్మార్కు దాకా పోనక్కర్లేదు. పొడవడమనే అర్థమున్న సంస్కృత ‘తుద్’ ధాతువు దీనికి దూరపు చుట్టం. చంద్రుణ్ణి పీడించే రాహువు విధుంతుదుడు, మర్మం మీద పొడిచే మాట అరుంతుదం. ఈ రెంటినీ తలచుకుంటే స్టోద్ ఇక మరిచిపోరు.

కరెంటు షాకును కూడా డేనిష్‌వాళ్లు స్టోద్ అనే అంటారు. శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీద 1902లోనే కరెంటు తెచ్చుకున్న ఊరు మన కోలారు బంగారు గనుల కేజీఎఫ్. గనిలో బండ పగిలితే పైన ఇళ్లు అదరడం మారికుప్పం, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్ పెద్దలకు తెలుసు. ఈ మాట అర్థం ప్రొఫెసర్లనడక్కండి, ఆ అదురెలా ఉండేదో ఇంట్లో తాతనడగండి.

ఈ ధ్వనిని మొదట వివరంగా వర్ణించి 1743లో అచ్చులో పెట్టిన యెన్స్ హోయ్స్‌గోర్ కూడా ప్రొఫెసరు కాడు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో బంట్రోతులాంటి చిన్న ఉద్యోగి. అందుకే మీ పలుకు సరిగా ఉందో లేదో మాస్టారికంటే ముందు కాలేజీ అటెండరుకు వినిపించండి. రెండు ‘హున్’లూ వేరని ఆయన చెవికి తోస్తే చాలు, నేను ఒప్పుకుంటాను.

ఎన్ని బిందెలెత్తినా గొంతు పట్టకపోతే దిగులు పడకండి. డెన్మార్కు దక్షిణ దీవుల యాసల్లో స్టోద్ లేనే లేదు. మీరు ఆ యాస నేర్చుకోండి.