చారల చొక్కా

కలకత్తా మెటియాబ్రుజ్‌లో ఒక ముసలి దర్జీ చేత ఒకే చొక్కా జేబు రెండుసార్లు విప్పించి కుట్టించాను. నీలం చారల గుడ్డ. జేబు దగ్గర చారలు అలల్లా వంకర్లు పోయాయని నా ఫిర్యాదు. ఆయన బల్ల మీద గుడ్డ పరిచి, స్కేలు ఆనించి చూపించాడు. స్కేలు కూడా వంకరే అన్నాను. నిజంగానే అన్నాను. 1856లో రాజ్యం పోగొట్టుకుని ఇక్కడికొచ్చిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా వెంట దర్జీలు కూడా తరలివచ్చారని చెప్పుకునే పేట అది. అక్కడ నిలబడి కుట్టుపని మీద పాఠం చెప్పాను.

ముప్పై నాలుగేళ్లు గార్డెన్ రీచ్ రైల్వే హెడ్డాఫీసులో అకౌంట్స్ గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. 2003 దాకా వాల్తేరు డివిజన్ ఈ సౌత్ ఈస్టర్న్ రైల్వే కిందే ఉండేది. మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి బీఎన్నార్ (ఈ రైల్వే పాత పేరు) అంటే పరాయి చోటేం కాదు. గీతల కాగితాల మధ్య బతికాను కాబట్టి, గీత వంకరగా ఉంటే తప్పు గీసినవాడిదేనని నా నమ్మకం. చూసేవాడిది కావచ్చని తోచలేదు.

ఒక శనివారం తలంటుకుంటుంటే ఎడమకంట్లో కుంకుడురసం పడింది. ఆ కన్ను మూసుకునే బయటికొచ్చి, ఏకాదశి ఎప్పుడో చూద్దామని వెంకట్రామా క్యాలెండర్ ముందు నిలబడ్డాను. గళ్లు మధ్యలోకి కుంగిపోయి ఉన్నాయి. ఏకాదశి ఉండాల్సిన చోట బూడిదరంగు మరక. అప్పుడైనా పరుగెత్తాలా? కుంకుడురసం పడింది ఎడమకంట్లో, చెడింది కుడికన్ను. అయినా నెపం కుంకుడుకాయల మీదకే నెట్టి ఇంకో ఆరువారాలు గడిపాను.

చివరికి ఆసుపత్రిలో మా అమ్మాయి ఈడు డాక్టరమ్మ నాచేత పట్టించిన గళ్ల కాగితం కూడా ఆ క్యాలెండర్ లాంటిదే. మార్క్ ఆమ్‌స్లర్ అనే స్విస్ డాక్టరు పేరుతో పిలుస్తారట. తర్వాత ఓసీటీ స్కాన్ తీశారు. అల్ట్రాసౌండ్‌లో శబ్దం చేసే పని ఇందులో వెలుతురు చేస్తుంది. రెటీనా పొరలు, కోసిన కాజా మడతల్లా, ఒకదానికింద ఒకటి కనిపిస్తాయి. కుడికంట్లో, సూటిగా చూసే చూపుకి ఆధారమైన మాక్యులా కింద కొత్త రక్తనాళాలు మొలిచి నీరు ఊరుస్తున్నాయి. పొరల కిందా నీరే, పొరల లోపలా నీరే. లోపలి నీరు చూపుకి ఎక్కువ చేటు అంది. ఎడమకంట్లో డ్రూసెన్ అనే పసుపు చుక్కలున్నాయి. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత. కుడివైపు తడి రకం, ఎడమవైపు పొడి రకం. పొడి అనగానే ఎడమకన్ను బాగున్నట్టేనని సంతోషించాను.

"సిగరెట్ అలవాటుందా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. అబద్ధం కాదు. నేను తాగేది చుట్ట. ఊరి నుంచి వచ్చేవాళ్లు తెచ్చిస్తారు, సాయంత్రం హుగ్లీ ఒడ్డున కాలుస్తాను. రిటైరైన నాడే మానేశానని మా ఆవిడ నమ్మకం. ఆవిడ పక్కనే కూర్చునుంది. 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో పదివేల పైచిలుకు మందిని పరీక్షిస్తే, చుట్ట అలవాటున్నవాళ్లకి ఈ జబ్బు వచ్చే అవకాశం దాదాపు మూడురెట్లుగా తేలిందట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసినా ఆ రోజు నోరు విప్పేవాణ్ణని చెప్పలేను.

నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు కంట్లోకే ఇచ్చారు. తలుచుకున్నంత నొప్పేం లేదు. స్కాన్‌లో మధ్యభాగం మందం 412 మైక్రాన్ల నుంచి 268కి దిగింది. చూపు 6/36 నుంచి 6/18కి వచ్చింది. నీరు ఇంకిపోయింది, మళ్లీ ఊరకుండా చూసుకోవాలి, వచ్చే నెల రమ్మంది. నేను మొదటి ముక్క విని రెండోది వదిలేశాను. నిలవ సున్నా, ఖాతా మూసేయొచ్చు. దసరాలకి విజయనగరం బయల్దేరాను.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు జనంలో నిలబడి, సరదాకి ఎడమకన్ను మూసి చూశాను. మాను కనిపించింది. మాను చివర కూర్చున్న పూజారి లేడు. కన్ను తెరిస్తే ఉన్నాడు. ఇంత చూశాక కూడా చెల్లెలింట్లో గృహప్రవేశం ఉందని ఇంకో మూడువారాలు ఉండిపోయాను.

తిరిగొచ్చేసరికి లోపల రక్తం చిమ్మి, మచ్చ కట్టింది. మళ్లీ ఇంజెక్షన్లు. ఈసారి మందం 240కి వచ్చింది, మునుపటికన్నా తక్కువ. చూపు మాత్రం 6/60. కాగితాలు బల్ల మీద పెట్టి డాక్టరమ్మతో తగువేసుకున్నాను: అంకె బాగుపడితే చూపు ఎందుకు పడిపోయింది? ఆ పిల్ల ఓపిగ్గా స్కాన్‌లో ఒక తెల్లగీత చూపించింది. వెలుతురుని పట్టే కణాల వరస అది. నాకు మధ్యలో తెగిపోయింది. మందం తగ్గిందంటే నీరే తగ్గిందని కాదు, కణాలు పోయినా తగ్గుతుంది అంది.

సస్పెన్స్ ఖాతా సున్నా కాగానే డబ్బు వసూలైందని గంతులేసే కొత్త గుమాస్తాల్ని నేనే తిట్టేవాణ్ణి. ఒరే, నష్టం కింద రాసేసినా సున్నాయే వస్తుందిరా అని. ముప్పై నాలుగేళ్లు అదే మాట చెప్పాను.

అమెరికాలో ఈ ఇంజెక్షన్ల మీద జరిగిన క్యాట్ అనే పెద్ద పరీక్షలో పాల్గొన్నవాళ్లని ఐదేళ్ల తర్వాత చూస్తే, సగం మందికి 6/12 లేదా అంతకన్నా మంచి చూపు నిలిచిందట. ఐదోవంతు మందికి 6/60, లేదా ఇంకా తక్కువ. ఆ ఐదోవంతులో అందరూ నాలా కోరి చేరినవాళ్లు కాకపోవచ్చు.

దర్జీ దగ్గరికి వెళ్లి రెండు కుట్లకీ కూలి ఇచ్చాను. ఒకదానికే తీసుకున్నాడు. చారలు ఎడమకంటికి సూటిగానే ఉన్నాయి.

ఎడమకన్ను స్కాన్ వచ్చే సోమవారం. చుట్టల సంగతి ఈసారి అడక్కుండానే చెప్పాలి. మా ఆవిడ పక్కనే ఉంటుంది. ఈలోగా ఇది అచ్చయితే ఆవిడే చెబుతుంది.