సాధారణం కన్నా కాస్త ఎక్కువ

నూరేళ్లకు 0.68 డిగ్రీ. 1901 నుంచి 2024 దాకా మన దేశపు వార్షిక సగటు ఉష్ణోగ్రత ఏ వేగంతో పెరుగుతూ వచ్చిందో భారత వాతావరణ శాఖ తేల్చిన లెక్క ఇది. ఈ మాట కడప జిల్లా ఎర్రగుంట్లలో చెప్పి చూడండి. ఎండదెబ్బ తగిలిందేమోనని మిమ్మల్ని నీడకు కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు.

"నూరేండ్లకు ముక్కాలు డిగ్రీ గూడా లేదే! దానికింత యాగీ ఎందుకప్పా? మాకు పొద్దున పదికీ పన్నెండుకీ నడుమనే అంతకు ఐదింతలు ఎక్కుతాది" అన్నాడు నాలుగు రోడ్ల కాడ టీ తాగుతున్న ఒక పెద్దాయన. నిజమే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే సీమలో పుట్టినవాణ్ని దశాంశాలు చూపించి బెదిరించడం కుదిరే పని కాదు.

సరే, దశాంశాల విలువ తెలిసినవాళ్లు ఉంటారని ప్రొద్దుటూరు పోయాను. రెండో బొంబాయి అని పేరు మోసిన ఊరు. తాసును అద్దాల పెట్టెలో పెట్టి, ఫ్యాను గాలి తగలకుండా తలుపు మూసి, మిల్లీగ్రాముల దగ్గర బేరం తెగక కస్టమరును రెండుసార్లు కాఫీకి కూర్చోబెట్టే ఊరు. అక్కడి బంగారు అంగడాయన కూడా 0.68 అనగానే "అదీ ఒక లెక్కేనా?" అని చప్పరించేశాడు. తాసు మీద మాత్రం చెయ్యి తీయలేదు.

ఇది ఒక మధ్యాహ్నం ఎండ కాదు కదా. లడఖ్ మంచు, కన్యాకుమారి ఉప్పుగాలి, పుష్యమాసపు తెల్లవారుజాము, మే నెల మిట్టమధ్యాహ్నం అన్నీ కలిపి తీసిన సగటు. మనలాంటి ఉష్ణదేశాల్లో ఈ సగటు మహా మొండిది, ఏడాదికీ ఏడాదికీ పెద్దగా కదలదు. చలిదేశాల్లో ఒక ఏడు వణికించి మరుసటేడు కరుణిస్తుంది గనుక ముక్కాలు డిగ్రీ ఆ ఊగులాటలో కలిసిపోతుంది. ఇక్కడ దాక్కోవడానికి దానికి చోటు లేదు. అందులోనూ పంపకాలున్నాయి: పగటి గరిష్ఠం నూరేళ్లకు 0.89 చొప్పున, కనిష్ఠం 0.46 చొప్పున పెరిగాయి. పెద్ద వాటా పగటిదే. పగలంతా బయట పనిచేసేవాళ్లకు ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది?

అన్నట్టు, ఈ అంకెలు పుట్టే చోటును కూడా చూడాలి. దాన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. 'ట్రెజర్ ఐలాండ్' రాసినాయన తండ్రి, లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీరు థామస్ స్టీవెన్సన్ దాని రూపకర్త. తెల్ల సున్నం వేసినట్టు రంగు, నాలుగు వైపులా గాలి ఆడే చెక్క రెక్కలు, నేలకు నాలుగడుగుల ఎత్తు, లోపల ఎప్పుడూ నీడ. ఉష్ణమాపికకు పక్కా ఇల్లు మంజూరై నూరేళ్లు దాటింది. నాపరాయి గనిలో బండ లేపే కూలీ పేరు ఆ లబ్ధిదారుల జాబితాలో ఇంకా ఎక్కలేదు. ఆయనకు పైనుంచి సూర్యుడు, కింది నుంచి బండ. పేపర్లో 43 అని పడిన రోజు ఆయన ఒంటికి తగిలింది ఎంతో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఇక వడగాల్పు సంగతి. ఎండ కాసినంత మాత్రాన అది వడగాల్పు అయిపోదు, దానికి అర్హతలు కావాలి. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలుండాలి, పైగా ఆ రోజుకు సాధారణంగా ఉండేదానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ కాయాలి. లేదంటే ఏకంగా 45 తాకాలి. సాధారణం 35.5 ఉండే ఊళ్లో 40 కాస్తే చాలు, హోదా వచ్చేస్తుంది. సాధారణమే 41 ఉన్న చోట 44.9 కాసిందనుకోండి: పెరిగింది 3.9, రెండో దారిలో ఒక్క దశాంశం తక్కువ. కనుక అది ఉత్త ఎండ! నీళ్ల పంపకాల్లోనే కాదు, వడగాల్పుల్లోనూ సీమకు అన్యాయమే జరుగుతోందని మన నాయకులకు ఇంకా తట్టినట్టు లేదు. తట్టితే కలెక్టరేట్ ముందు టెంటు పడుతుంది, ఆ టెంటు కింద మాత్రం చల్లగా ఉంటుంది.

అసలు కిటుకంతా ఆ 'సాధారణం' దగ్గరే ఉంది. సాధారణం అంటే ముప్పై ఏళ్ల సగటు. ఉద్యోగులకు పీఆర్సీ ఆలస్యమవుతుందేమో గానీ ఎండకు కాదు, పదేళ్లకోసారి ఠంచనుగా కొత్త స్కేలు ఖరారవుతుంది. 2023 ముగిశాక వాతావరణ శాఖ చెప్పింది: సాధారణం కన్నా 0.65 ఎక్కువ. 2024 ముగిశాకా అదే మాట: సాధారణం కన్నా 0.65 ఎక్కువ. "హమ్మయ్య, నిరుటి మాదిరే" అని పేపరు మడిచి విసనకర్ర చేసుకున్నాం. తీరా చూస్తే మొదటిదానికి కొలబద్ద 1981–2010, రెండోదానికి 1991–2020. కింది పలక పైకి జరిగింది, దాని మీద నిలబడిన 2024 మాత్రం 1901 తర్వాత అన్నిటికన్నా వేడి ఏడాది అయి కూర్చుంది. అంతదాకా 0.71తో మొదటి స్థానంలో ఉన్న 2016 కొత్త లెక్కలో 0.54కు దిగింది. ఎప్పుడో గడిచిపోయిన ఏడాదిని ఒక్క చినుకు పడకుండా 0.17 డిగ్రీలు చల్లబరచడం ఇంద్రుడికీ వరుణుడికీ చేతకాలేదు, సగటుకు చేతనైంది.

శాఖ చేసిన మోసమేం లేదు, ప్రపంచమంతటా ఉన్న పద్ధతే. ఏ ముప్పై ఏళ్లతో పోల్చారో ప్రకటనలో కుండలీకరణాల మధ్య రాసే ఉంటుంది. ఆ కుండలీకరణాలు చదివే ఓపిక మనకే లేదు, ఉక్కపోత మరి.

వేడి వాడకం ఇంత ఉన్నప్పుడు దాని ఉత్పత్తి మాటేమిటి? అందులో ఎర్రగుంట్ల మండలం ఎవరికీ తీసిపోదు. తెలుగులో దొరికిన తొలి శాసనం, క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించింది, ఈ మండలంలోని కలమళ్లదే. తెలుగువాడు మొదట రాయి మీద రాసిన ఆ ఊరి పక్కనే 1994 నుంచి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం (ఆర్టీపీపీ) చిమ్నీలు ఆకాశం మీద రాస్తున్నాయి. మొత్తం 1,650 మెగావాట్లు. ఇక సిమెంటు ఫ్యాక్టరీలు సరేసరి. వంద కిలోల సున్నపురాయి కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు, తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాల్లో కలుస్తాయి. రాయిని సిమెంటుకు పనికొచ్చేలా ఉడికించాలంటే బట్టీలో 1,450 డిగ్రీలు కావాలి, ఆ మంటకయ్యే బొగ్గు వేరే.

ఆ సిమెంటు ఎక్కడికి పోయింది? మన నెత్తి మీదికే. దూలాలు, దంతెలు వేసి పైన చౌడుమన్ను పరిచిన మట్టిమిద్దెలను "పాతకాలంవి" అని కూల్చి స్లాబు పోయించుకున్నాం. మట్టిమిద్దె కింద మధ్యాహ్నం కునుకు పట్టేది. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి పది తర్వాత తీరిగ్గా మన మీద కక్కుతుంది. అందుకని ఏసీ. ఏసీకి కరెంటు. కరెంటు కోసం సింగరేణి బొగ్గు వ్యాగన్లు కలమళ్ల దారి పడతాయి. పులివెందుల చీనీ రైతు చుట్టం వరసలో ఇందులోకి వచ్చి కలుస్తాడు: ఎండ ముదిరితే చెట్టుకు తడి ఎక్కువ పెట్టాలి, తడికి బోరు ఇంకా లోతు దించాలి, మోటారుకు మళ్లీ కరెంటు. స్వదేశీ ఉద్యమం ఇంత పకడ్బందీగా ఇంకెక్కడా నడవలేదు.

లోకంలోని వేడంతా ఎర్రగుంట్ల పుట్టించిందని నా అభియోగం కాదు. అమెరికా, యూరపుల పాత బాకీ పెద్దది. హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. పైగా మన దుమ్మూ పొగా సూర్యుడికి కాస్త అడ్డుపడుతున్నాయి గనుక మనం ఇంకా ఇంతే వేడెక్కామని శాస్త్రజ్ఞులు అంటున్నారు. అంటే ఊపిరితిత్తులు పాడుచేసే పొగే మనకు గొడుగు. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో సౌర ఫలకాలు కూడా పరిచారు. సీమ ఎండకు ఉద్యోగం దొరికింది అలాంటి చోట్లే.

2030 గడిచాక 1991–2020 పదవీ విరమణ చేస్తుంది, 2001–2030 ఆ కుర్చీలో కూర్చుంటుంది. 2016, 2024 రెండూ ఆ సగటులోనే కలిసిపోతాయి. అప్పటి పేపర్లో 2024 వేడి ఎంతకు దిగుతుందో గానీ, దిగడం ఖాయం. ఈ సంగతంతా ప్రొద్దుటూరు అంగడాయనకు విడమరిచి చెబితే మొదటిసారి తాసు మీది నుంచి చెయ్యి తీశాడు.

"ఇదేదో బాగుందే సామీ! బంగారం ధర గూడా ఇట్లే రాద్దాం. 'ఈ పొద్దు సాధారణం కన్నా ఎనభై రూపాయలే ఎక్కువ' అని బోర్డు పెడితే పెండ్లిండ్లోళ్లు బేరమాడకుండా కొంటారు" అన్నాడు. పనిపిల్లోణ్ని కేకేసి, సుద్దముక్క తెమ్మన్నాడు.